కొత్త పాత్రకు మునక: యూదు ధర్మశాస్త్రంలో శుద్ధి, స్వామ్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

యూదేతరుల నుండి కొన్న లోహపు, గాజు భోజనపాత్రలను వాడుకకు ముందు సహజజలంలో పూర్తిగా ముంచి తీయాలని యూదు ధర్మశాస్త్రం విధిస్తుంది. హీబ్రూ భాషలో దీనికి ‘తెవిలాత్ కేలిమ్’ అని పేరు. పాత్ర ఎంత కొత్తదైనా, ఎంత శుభ్రంగా ఉన్నా ఈ విధి వర్తించడం దీనిలోని విశేషం. ఈ వ్యాసం ఆ ఆచారానికి గల శాస్త్రమూలాన్ని, తల్ముద్ చర్చను, పాత్రల వర్గీకరణను, నీటి నియమాలను, ఆచరణ విధానాన్ని వివరిస్తుంది. ఈ మునకను ‘శుద్ధి’ అనే తెలుగు మాటతో అనువదించినప్పుడు అర్థం ఎక్కడ దారి తప్పుతుందో పరిశీలిస్తుంది. మునకకు కారణం పాత్రకు అంటిన మైల కాదనీ, పాత్ర స్వామ్యం మారడమేననీ శాస్త్రనియమాల ఆధారంగానే నిరూపించడం వ్యాసలక్ష్యం.

కీలక పదాలు: తెవిలాత్ కేలిమ్, మిక్వె, హలాఖా, తల్ముద్, ద్రవ్యశుద్ధి, మైల, స్వామ్యం, అనువాదం.

1. ఉపోద్ఘాతం:

వంటగది ప్రతి సంస్కృతిలోనూ ఒక సరిహద్దు ప్రాంతమే. ఏది లోపలికి రావచ్చు, ఏది రాకూడదు, వచ్చినది ఎప్పుడు మనదవుతుంది అనే ప్రశ్నలకు ప్రతి సమాజమూ తనదైన సమాధానం చెప్పుకుంది. తెలుగువారి మడివంటలో పాత్రకు ఒక స్థానం ఉంది. రాగి, ఇత్తడి పాత్రలను చింతపండుతో తోమితే సరిపోతుంది. మట్టికుండకు మైల సోకితే పారవేయడమే మార్గం. ధర్మశాస్త్రాలు ఈ విషయాన్ని ‘ద్రవ్యశుద్ధి’ పేరుతో చర్చించాయి. మనుస్మృతి ఐదవ అధ్యాయంలోనూ, యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయంలోనూ ఏ పదార్థానికి ఏ శుద్ధి అన్న వివరాలు కనిపిస్తాయి.

యూదుల ధర్మశాస్త్రమైన ‘హలాఖా’లో కూడా పాత్రలకు సంబంధించిన విస్తారమైన విభాగం ఉంది. అందులో కొత్త పాత్రను నీటిలో ముంచి తీసే విధి తెలుగు పాఠకునికి పైకి సుపరిచితంగా కనిపిస్తుంది. మనం కూడా కొత్త గిన్నెను కడిగి, పసుపు కుంకుమలు పెట్టి వాడుకలోకి తెచ్చుకుంటాం కదా అనిపిస్తుంది. అయితే నియమాలను ఒక్కొక్కటిగా చూస్తూ పోతే ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుస్తుంది.

పరిభాష గురించి ముందుగా ఒక మాట. ‘తెవిలా’ అనే హీబ్రూ పదానికి ‘నిమజ్జనం’ అని అనువదించవచ్చు గాని, తెలుగు వాడుకలో నిమజ్జనం అంటే నీటిలో విడిచివచ్చేది. వినాయకుని ప్రతిమ తిరిగి ఇంటికి రాదు. ఇక్కడ పాత్ర తప్పనిసరిగా తిరిగి వస్తుంది. తిరిగి రావడం కోసమే మునుగుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో ‘మునక’ అనే దేశ్యపదాన్నే వాడటం జరిగింది.

2. శాస్త్రమూలం:

ఈ విధికి మూలం తోరాలోని నాలుగవ గ్రంథమైన సంఖ్యాకాండం, 31వ అధ్యాయం. మిద్యానీయులతో యుద్ధం ముగిసిన తరువాత ఇస్రాయేలు సైనికులు కొల్లసొమ్ముతో తిరిగివస్తారు. అప్పుడు యాజకుడైన ఎలియాజరు వారికి ఒక నియమాన్ని ప్రకటిస్తాడు. అందులో ఆరు లోహాల పేర్లు వస్తాయి: బంగారం, వెండి, కంచు, ఇనుము, తగరం, సీసం. నిప్పులో వాడే వస్తువును నిప్పుగుండా నడపాలని, అప్పుడది శుద్ధమవుతుందని, అయినప్పటికీ నీటితో కూడా దానిని శుద్ధి చేయాలని, నిప్పులో వాడని వస్తువును నీటిగుండా నడపాలని ఆ నియమం సారాంశం.

ఇందులో రెండు వేర్వేరు ప్రక్రియలు ఉన్నట్లు తరువాతి పండితులు గుర్తించారు. మొదటిది పాత్ర గోడలలోకి ఇంకిన నిషిద్ధాహారపు రుచిని తొలగించడం. దీనికి మరిగే నీటిలో ఉడికించడం (హగాలా), ఎర్రగా కాల్చడం (లిబ్బూన్) అనే పద్ధతులు ఉన్నాయి. పాత్రలో ఏ రీతిగా రుచి ఇంకిందో ఆ రీతిగానే దానిని వెడలగొట్టాలన్నది సూత్రం. మాంసం కాల్చిన ఇనుప ఊచను నిప్పులో కాల్చాలి. పులుసు కాచిన గిన్నెను మరిగే నీటిలో ముంచాలి. రెండవది మునక. కాల్చిన తరువాత కూడా నీరు అవసరమని గ్రంథం చెప్పడంలోనే ఈ రెండవ ప్రక్రియకు బీజం ఉంది. ఆహారపు జాడ నిప్పుతోనే పోయింది. మరి నీరు దేనికి? తల్ముద్ చర్చ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

3. తల్ముద్ చర్చ – కొత్త పాత్ర ప్రశ్న:

క్రీ.శ. 200 ప్రాంతంలో సంకలితమైన మిష్నాలో ‘అవోదా జారా’ అనే ప్రకరణం ఉంది. విగ్రహారాధకులతో యూదుల సంబంధాలను నియంత్రించే సూత్రాలు అందులో ఉన్నాయి. దాని చివరి అధ్యాయం చివరి సూత్రం, యూదేతరుని వద్ద భోజనపాత్రలు కొన్నవాడు ఏమి చేయాలో చెబుతుంది. ముంచదగినవి ముంచాలి, ఉడికించదగినవి ఉడికించాలి, కాల్చదగినవి కాల్చాలి, కత్తికి పదును పెట్టి మెరుగు దిద్దాలి.

దీనిపై బబులోను తల్ముద్ (అవోదా జారా, 75వ పత్రం రెండవ పుట) వ్యాఖ్యానిస్తూ, వీటన్నిటికీ నలభై ‘సెఆ’ల నీటిలో మునక కూడా అవసరమని చెబుతుంది. రావా అనే పండితుడు దీనికి ఆధారం చూపుతాడు. నిప్పుగుండా నడపమని చెప్పిన తరువాత, శుద్ధమవుతుందన్న మాట అదనంగా ఉంది. శాస్త్రంలో అదనపు మాట వ్యర్థంగా ఉండదు గనుక అది మరొక శుద్ధిని సూచిస్తుందని ఆయన వాదం. ఆ నీరు ఎలాంటిదన్న ప్రశ్నకు బర్ కప్పారా సమాధానం చెబుతాడు. మూలంలో నీటికి వాడిన విశేషణం ఋతుకాలానికి సంబంధించినది. కనుక స్త్రీలు ఋతుకాలానంతరం మునగడానికి తగినంత నీరు, అనగా నలభై సెఆలు ఉండాలని ఆయన నిర్ణయం.

తరువాత రవ్ నహ్మాన్ తన గురువు రబ్బా బర్ అవూహా మాటగా ఒక కీలకమైన నియమాన్ని చెబుతాడు. కొత్త పాత్రలకు కూడా మునక తప్పదు. ఆయన తర్కం గమనింపదగినది. పాత పాత్రను ఎర్రగా కాలిస్తే అది కొత్త పాత్రతో సమానం. దానిలో పాత ఆహారపు జాడ ఏదీ మిగలదు. అయినా శాస్త్రం దానికి మునక విధించింది. కొత్తదానితో సమానమైన పాత్రకే మునక ఉన్నప్పుడు, నిజంగా కొత్తదైన పాత్రకు లేకపోవడం ఎలా?

వెంటనే రవ్ షేషెత్ ఒక ఆక్షేపణ లేవదీస్తాడు. కొత్తవాటికీ మునక ఉంటే గొర్రెబొచ్చు కత్తిరించే కత్తెరకు కూడా ఉండాలి కదా! మునకకు కారణం ఆహారపు జాడ కానప్పుడు, అది ఆహారపాత్రలకే ఎందుకు పరిమితం కావాలన్నది ఈ ప్రశ్నలోని పదును. రవ్ నహ్మాన్ సమాధానం క్లుప్తం: శాస్త్రఖండంలో చెప్పినవి భోజనపాత్రలు మాత్రమే. ఆ తరువాత ఆయనే మరొక పరిమితి విధిస్తాడు. ఈ నియమం కొన్నవాటికే గాని అరువు తెచ్చుకున్నవాటికి కాదు. మిద్యాను ఘటనలో పాత్రలు శాశ్వతంగా చేతులు మారాయి గనుక, ఆ పోలిక ఉన్నచోటనే మునక.

ఇక్కడికి రెండు షరతులు స్థిరపడ్డాయి. పాత్ర భోజనానికి సంబంధించినది కావాలి. అది యూదేతరుని స్వామ్యం నుండి యూదుని స్వామ్యంలోకి రావాలి. తరువాతి పదిహేను శతాబ్దాల చర్చ అంతా ఈ రెండు షరతులకు వివరణమే.

4. ఏ పాత్రలకు మునక?

మూలంలో పేర్కొన్నవి లోహాలు కనుక లోహపాత్రల విషయంలో సందేహం లేదు. గాజు సంగతి వేరు. గాజు ఇసుక నుండి పుడుతుంది. ఆ లెక్కన అది మట్టిపాత్ర వంటిది. కాని పగిలిన గాజును కరిగించి తిరిగి పాత్రగా చేయవచ్చు. ఈ గుణం లోహానిదే గనుక గాజుకూ మునక అవసరమని రవ్ ఆషీ నిర్ణయించాడు. ఇది పండితులు విధించిన నియమంగానే పరిగణింపబడుతుంది.

కర్ర, రాయి, పూత లేని మట్టి – వీటితో చేసిన పాత్రలకు మునక లేదు. లోపలి వైపు సీసపు పూత పూసిన మట్టిపాత్రలను 16వ శతాబ్దపు ధర్మసంహిత ‘షుల్హాన్ అరూఖ్’ మునక అవసరమైన వాటిలో చేర్చింది. 1565లో వెనిస్‌లో ముద్రితమైన ఈ సంహిత కర్త యోసెఫ్ కారో. దానికి పోలండ్‌లోని క్రాకో నగరానికి చెందిన మోషే ఇస్సర్లెస్ అనుబంధ వ్యాఖ్యలు రాశాడు. ఆ సంహితలోని ‘యోరే దేఆ’ విభాగంలో 120వ అధ్యాయం పూర్తిగా పాత్రల మునకకు కేటాయించబడింది.

పాత్ర ఆహారాన్ని నేరుగా తాకుతుందా అన్నది మరొక గీటురాయి. పొయ్యి మీద గిన్నెను నిలబెట్టే ఇనుప ముక్కాలికి మునక లేదు. ఆహారాన్నే నేరుగా పరచి కాల్చే ఇనుప జాలీకి ఉంది. ఆహారం ఇంకా తినదగిన స్థితికి రాకముందు వాడే పనిముట్ల సంగతి కూడా చర్చకు వచ్చింది. పులియని రొట్టె పిండిని సిద్ధం చేసే ఇనుప పనిముట్లకు మునక అవసరం లేదు. పశువును వధించే కత్తి విషయంలో అభిప్రాయభేదం ఉంది. అటువంటి సందిగ్ధ సందర్భాలలో ఆశీర్వచనం పలకకుండా ముంచడం ఆచారం. దైవనామంతో కూడిన ఆశీర్వచనాన్ని అనవసరంగా పలకకూడదన్న నియమం దీనికి కారణం.

ఆధునిక పదార్థాలు కొత్త ప్రశ్నలు తెచ్చాయి. అల్యూమినియం మూలంలోని ఆరు లోహాల జాబితాలో లేదు. అది మునక మూలశాస్త్రం వల్లనా, పండితుల విధి వల్లనా అన్నదే చర్చ గాని ముంచడమే సాధారణ ఆచారం. ప్లాస్టిక్ విషయంలో మునక అవసరం లేదనేవారు ఉన్నారు. గాజులాగే కరిగించి మలచవచ్చు గనుక ఆశీర్వచనం లేకుండా ముంచాలనేవారూ ఉన్నారు. ఒకసారి వాడి పారవేసే పలుచని అల్యూమినియం పళ్లేలను 20వ శతాబ్దపు ప్రసిద్ధ అమెరికన్ ధర్మనిర్ణేత మోషే ఫైన్‌స్టైన్ (1895–1986) ఈ విధి నుండి మినహాయించాడు. నిలకడ లేనిది ‘పాత్ర’ అనిపించుకోదన్న భావన ఇందులో ఉంది.

5. ఏ నీరు?

మునకకు ఉపయోగించే జలాశయాన్ని ‘మిక్వె’ అంటారు. ఆ పదానికి ‘నీరు చేరినచోటు’ అని అర్థం. ఆదికాండం మొదటి అధ్యాయంలో సముద్రాలుగా ఏర్పడిన జలసమూహానికి వాడినది కూడా ఈ మాటే. నిర్మాణరీత్యా మిక్వె మన దిగుడుబావిని తలపిస్తుంది. మెట్లు దిగి నీటిలోకి వెళ్లాలి. 1963–65 మధ్య జరిగిన మసాదా దుర్గం తవ్వకాలలో రెండువేల ఏళ్లనాటి మిక్వెలు బయటపడ్డాయి.

లేవీయకాండం 11వ అధ్యాయం ఊటను, నీరు చేరే గుంటను శుద్ధమైనవిగా పేర్కొంటుంది. వీటి ఆధారంగా మిష్నాలో ‘మిక్వావోత్’ అనే ప్రత్యేక ప్రకరణమే ఏర్పడింది. నియమాల సారం ఇది. నీరు సహజంగా చేరినది కావాలి. వాన, ఊట, సముద్రం, కరిగిన మంచు ఇందుకు తగినవి. మనిషి పాత్రతో తోడిపోసిన నీరు తగదు. నలభై సెఆలు నిండకముందు మూడు ‘లోగ్’ల తోడిన నీరు చేరినా గుంట చెడిపోతుంది. వాననీరు నిలకడగా ఉండాలి. ఊటనీరు మాత్రం పారుతూ ఉన్నా పనికివస్తుంది. అందుకే వానతో ఉప్పొంగిన నదిలో ఊటనీటి కన్న వాననీరు ఎక్కువైతే అందులో ముంచవచ్చునా అన్న ప్రశ్నపై దీర్ఘమైన చర్చ ఉంది.

నలభై సెఆల పరిమాణాన్ని నేటి కొలతల్లోకి మార్చడంలో భేదాలున్నాయి. ప్రచారంలో ఉన్న రెండు ప్రధాన గణనలలో ఒకటి సుమారు 330 లీటర్లు, మరొకటి సుమారు 575 లీటర్లు. మూరెడు పొడవు, మూరెడు వెడల్పు, మూడు మూరల లోతు గల గుంట పట్టే నీరు ఇది. మనిషి నిండా మునగడానికి చాలినంత నీరు అన్నది దీని వెనుక ఉన్న లెక్క.

నగరాలలో ఈ నియమాన్ని పాటించడానికి ఒక ఉపాయం ఉంది. వాననీటిని గొట్టాల ద్వారా ఒక తొట్టెలోకి నేరుగా చేర్చుతారు. దాని పక్కన కుళాయి నీటి తొట్టె ఉంటుంది. రెండింటి మధ్య గోడకు రంధ్రం ఉంచి నీటిని ఒకదానితో ఒకటి తాకిస్తారు. నీటితిత్తి మూతి గొట్టమంత రంధ్రం ఉంటే చాలునని మిష్నా చెబుతుంది. సహజజలాన్ని తాకిన కుళాయి నీరు కూడా దానితో ఏకమైనట్లే లెక్క. మనుషుల మిక్వెకు వేరుగా పాత్రల కోసం చిన్న మిక్వెలు నిర్మించడం నేడు చాలాచోట్ల కనిపిస్తుంది.

ఇక్కడ ఒక విషయం ఆలోచింపదగినది. తోడిన నీరు పనికిరాకపోవడానికి కారణం అది మురికిది కావడం కాదు. కుళాయి నీరు వానగుంట కన్న స్వచ్ఛంగా ఉండవచ్చు. ఎవరి పాత్రలోకీ చేరని నీరు ఎవరి సొంతమూ కాదు. చేతులు మారుతున్న పాత్ర, ఎవరి చేతిలోనూ పడని నీటిగుండా నడవాలన్నమాట. శాస్త్రకారులు ఈ మాటలతో చెప్పకపోయినా, నియమాల అమరికలో ఈ అర్థం ధ్వనిస్తుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

6. ఆచరణ విధానం:

ముంచడానికి ముందు పాత్రను పూర్తిగా శుభ్రం చేయాలి. ధర చీటీ, దాని జిగురు, తుప్పు, నూనె జిడ్డు – నీటికీ పాత్రకూ నడుమ అడ్డువచ్చేది ఏదైనా తొలగించాలి. ఈ అడ్డును ‘హత్సీత్సా’ అంటారు. పాత పాత్ర అయితే ముందుగా హగాలా లేదా లిబ్బూన్ పూర్తిచేసి, ఆ తరువాతే ముంచాలి.

పాత్రను చేతితో గట్టిగా బిగించి పట్టుకోకూడదు. వదులుగా పట్టుకోవాలి, లేదా చేతిని ముందే ఆ నీటిలో తడుపుకోవాలి. అప్పుడు చేయి ఉన్నచోట కూడా నీరు తాకినట్లవుతుంది. ఒకే క్షణంలో పాత్ర అంతా, పిడితో సహా నీటి అడుగున ఉండాలి. సగం ఒకసారి, సగం మరొకసారి ముంచడం చెల్లదు. చెంబు వంటి పాత్రను బోర్లించి ముంచితే లోపల గాలి నిలిచి నీరు చేరదు కనుక పక్కకు వంచి ముంచాలి. ఇరుకు మూతి సీసా పూర్తిగా నిండేదాకా ఆగాలి. చెంచాలు, గరిటెలు అనేకం ఉంటే చిల్లుల బుట్టలో వేసి కదిలిస్తూ ముంచవచ్చు.

ముంచే ముందు పాత్ర మునకను గురించి తమకు ఆజ్ఞ ఇచ్చిన దైవాన్ని స్తుతించే ఆశీర్వచనం పలుకుతారు. ఒకే పాత్ర అయితే ఏకవచనం, ఎక్కువైతే బహువచనం వాడుతారు.

విద్యుత్ పరికరాలు నేటి గృహిణులకూ ధర్మనిర్ణేతలకూ పెద్ద చిక్కుగా మారాయి. నీటిలో మునిగితే నీళ్లు కాచే విద్యుత్ కెటిల్ చెడిపోవచ్చు. ఆహారం తాకే భాగాన్ని విడదీసి ముంచడం, ముంచి పూర్తిగా ఆరబెట్టడం, యూదుడైన పనివానితో విప్పించి మళ్లీ బిగింపించడం వంటి మార్గాలు సూచింపబడ్డాయి. చివరి మార్గంలోని తర్కం ఇది: పనికిరాకుండా విప్పిన వస్తువును యూదుడు తిరిగి బిగిస్తే అది యూదుడు తయారుచేసిన పాత్రే అవుతుంది.

7. శుద్ధియా? స్వామ్యమా?

ఇప్పుడు ప్రధాన ప్రశ్నకు వద్దాం. ఈ మునక ద్వారా పాత్ర నుండి ఏదైనా తొలగుతున్నదా? తొలగుతున్నదనుకుంటే, కింది నియమాలకు సమాధానం చెప్పడం కష్టం.

ఒకటి: యూదేతరుని వద్ద అరువు లేదా అద్దెకు తెచ్చుకున్న పాత్రకు మునక లేదు. అంటిన దోషమే కారణమైతే, ఇప్పటికీ ఆయన సొంతమైన పాత్రకే మునక మరింత అవసరం కావాలి.

రెండు: యూదుడు తన పాత్రను యూదేతరునికి అమ్మి తిరిగి కొంటే మునక కావాలి. అదే పాత్రను తాకట్టు పెట్టి విడిపించుకుంటే అవసరం లేదు. రెండు సందర్భాలలోనూ పాత్ర ఇతరుల ఇంట ఉన్నదే; తేడా స్వామ్యంలో మాత్రమే. తాకట్టు విషయంలో తల్ముద్ ఒక ఉదంతాన్ని భద్రపరిచింది. రవ్ ఆషీ వద్ద ఒక యూదేతరుడు వెండి గిన్నెను తాకట్టు పెట్టాడు. రవ్ ఆషీ దానిని ముంచి అందులో తాగాడు. తాకట్టు కూడా కొనుగోలు వంటిదేనని ఆయన భావించాడో, లేక ఆ వ్యక్తి దానిని విడిపించుకునే ఉద్దేశంలో లేడని గ్రహించాడో తనకు తెలియదని ఆయన కుమారుడు చెబుతాడు. కుమారుని సందేహం రెండు వైపులా స్వామ్యం గురించినదే.

మూడు: యూదుడు, యూదేతరుడు ఉమ్మడిగా కలిగివున్న పాత్రకు మునక లేదు.

నాలుగు: ముంచే పనిని యూదేతరుని చేత చేయించినా మునక చెల్లుతుంది. స్పర్శలోనే దోషం ఉన్నదనుకుంటే ఈ నియమానికి అర్థం ఉండదు.

ఐదు: ముంచని పాత్రలో వండడం తప్పే గాని, పొరపాటున వండితే ఆ ఆహారం నిషిద్ధం కాదు. ఇస్సర్లెస్ ఈ విషయాన్ని స్పష్టం చేశాడు. నిషిద్ధ రుచి ఇంకిన పాత్రలో వండినప్పుడు పరిస్థితి ఇలా ఉండదు.

ఆరు: విశ్రాంతిదినానికి ముందు ముంచడం మరచిపోతే, పాత్రను ఒక యూదేతరునికి కానుకగా ఇచ్చి, తిరిగి అరువుగా పుచ్చుకొని వాడవచ్చునని షుల్హాన్ అరూఖ్ అనుమతిస్తుంది. ఇక్కడ పాత్ర కదలకపోవచ్చు, కడగకపోవచ్చు; మారింది స్వామ్యం ఒక్కటే. దానితోనే సమస్య తీరింది. దీనిని శాశ్వత పరిష్కారంగా అంగీకరించడంలో మాత్రం పండితుల మధ్య భేదాభిప్రాయాలున్నాయి.

12వ శతాబ్దపు మహాపండితుడు మైమోనిడీస్ తన ధర్మసంహితలోని నిషిద్ధాహార ప్రకరణంలో ఈ మునక అశుచి, శుచి అనే వ్యవస్థకు చెందినది కాదని చెప్పాడు. ఆయన మాటల తీరును బట్టి ఇది పండితులు ఏర్పరచిన విధి అని చాలామంది వ్యాఖ్యాతలు అర్థం చేసుకున్నారు. ఇతరులు మూలశాస్త్రవిధి అన్నారు. ఆ వివాదం ఎలా ఉన్నా, మైల తొలగింపు కాదన్న ఆయన నిర్ణయం పై నియమాలతో సరిపోతుంది.

మరి ఇది ఏమిటి? యూదుమతంలోకి కొత్తగా ప్రవేశించే వ్యక్తి కూడా మిక్వెలో మునుగుతాడు. ఆ మునకతో అతని హోదా మారుతుంది. ఆ విధంగానే భోజనపు బల్లపైకి రాబోయే పాత్ర ఒక హోదా నుండి మరొక హోదాలోకి ప్రవేశిస్తుంది. స్వామ్యం మారినంత మాత్రాన చాలదు. అది భోజనం కోసం మారాలి. కాగితాలు కోయడానికి కొన్న కత్తికి మునక లేదు. అమ్మకానికి దుకాణంలో పెట్టిన గిన్నెను యూదు వర్తకుడు ముంచనవసరం లేదు, కొన్నవారు ముంచుకుంటారు. వర్తకునికి అది సరుకు, కొన్నవారికి భోజనపాత్ర.

8. తెలుగు పాఠకుని ప్రశ్న:

పాత్రల విషయంలో తెలుగునేలకు ఒక చేదు చరిత్ర ఉంది. హోటళ్లలో దళితులకు వేరు గ్లాసు కేటాయించిన ‘రెండు గ్లాసుల పద్ధతి’ని ఎరిగిన పాఠకుడు, ఇతర మతస్థుల వద్ద కొన్న పాత్రను ముంచాలన్న నియమాన్ని చదివినప్పుడు, ఇదీ ఒక అంటరానితనమే కదా అని అడగడం సహజం. ఈ ప్రశ్నను దాటవేయడం పరిశోధనకు తగదు.

ముందుగా ఒప్పుకోవలసినవి ఉన్నాయి. ఈ విధి సమాజాల మధ్య ఒక గీత గీస్తుంది. జెరూసలేం తల్ముద్ దీనికి కారణం చెబుతూ, పాత్ర యూదేతరుని అశుచి నుండి వెలుపడి ఇస్రాయేలు పవిత్రతలోకి ప్రవేశించిందన్న భావాన్ని వ్యక్తం చేసింది. అవోదా జారా ప్రకరణమంతా ఇతర మతస్థులతో దూరం పాటించడాన్ని గురించినదే. ఈ పదజాలాన్ని నేటి సున్నితత్వానికి అనుగుణంగా మెత్తబరచి చూపడం సరికాదు.

అయితే నియమాల నడక వేరుగా ఉంది. రెండు గ్లాసుల పద్ధతిలో దోషం మనిషి స్పర్శలో ఉందని భావిస్తారు. అక్కడ గ్లాసు ఎవరిదన్న ప్రశ్నే రాదు. గ్లాసు ఎప్పుడూ హోటలువానిదే. ఎన్నిసార్లు కడిగినా అది వేరు గ్లాసుగానే మిగిలిపోతుంది. తెవిలాత్ కేలిమ్‌లో స్పర్శ ప్రశ్న రాదు. పొరుగువాని గిన్నెను అరువు తెచ్చుకుని, అందులో నిషిద్ధ రుచి లేనంతవరకు, ముంచకుండానే వండుకోవచ్చు. ఒక్క మునకతో గీత చెరిగిపోతుంది. ఆ తరువాత ఆ పాత్ర గతాన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. మొదటిది మనుషులను శాశ్వతంగా విడదీసే ఏర్పాటు. రెండవది వస్తువులు లోపలికి రావడానికి ఉంచిన గడప. గడప కూడా ఒక హద్దే. కాని అది దాటడానికి ఉన్న హద్దు.

ఈ ప్రశ్నకు తెలుగునేలపైనే ఒక ప్రత్యక్ష సంబంధం ఉంది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపంలోని కొత్తరెడ్డిపాలెంలో ‘బెనె ఎఫ్రాయిమ్’ అనే చిన్న సమూహం యూదు ఆచారాలను పాటిస్తున్నది. మాదిగ సామాజిక నేపథ్యం గల ఈ సమూహం గురించి యూలియా ఎగొరోవా, షాహిద్ పెర్వెజ్‌లు 2013లో వెలువరించిన గ్రంథం కుల, మత అస్తిత్వాల పెనుగులాటను చర్చించింది. కులం పేరిట పాత్రను దూరం పెట్టిన సమాజంలో పుట్టినవారు, పాత్రను లోపలికి ఆహ్వానించే మరొక శాస్త్రాన్ని చదువుకోవడంలో గల అర్థం తెలుగు పరిశోధకులు పట్టించుకోదగినది.

అనువాదసమస్య కూడా ఇక్కడే తలెత్తుతుంది. ‘శుద్ధి’ అన్న మాట వాడగానే తెలుగు పాఠకుని మనస్సులో మైల, అంటు, సంప్రోక్షణ అనే పదాల గొలుసు కదులుతుంది. మనుస్మృతి ద్రవ్యశుద్ధిలో మట్టిపాత్రను తిరిగి కాల్చి శుద్ధి చేసే విధానం ఉంది. అక్కడ పాత్రకు ముందు ఏదో సోకి ఉండాలి. సోకనిదానికి శుద్ధి లేదు. తెవిలాత్ కేలిమ్‌లో ఏమీ సోకని పాత్రకు కూడా మునక ఉంది. కనుక ఈ పదాన్ని ‘పాత్రశుద్ధి’ అనడం కన్న ‘పాత్ర మునక’ అని, భావాన్ని ‘స్వీకరణ’ అని చెప్పడం మూలానికి దగ్గరగా ఉంటుంది.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. తెవిలాత్ కేలిమ్ శుభ్రతకు సంబంధించినది కాదు. శుభ్రత దానికి ముందే పూర్తికావాలి. నిషిద్ధాహారపు జాడను తొలగించే ప్రక్రియ కాదు. దానికి నిప్పు, మరిగే నీరు వేరుగా ఉన్నాయి. స్పర్శదోషానికి పరిహారం కూడా కాదు. అరువు పాత్ర, ఉమ్మడి పాత్ర, యూదేతరుడు ముంచిన పాత్ర – ఈ మూడింటి నియమాలు ఆ వాదాన్ని నిలవనీయవు. భోజనానికై స్వామ్యం మారిన పాత్రకు జరిగే స్వీకరణవిధి ఇది.

ఒక సంస్కృతి ఆచారాన్ని మరొక భాషలోకి తెచ్చేటప్పుడు, దగ్గరలో ఉన్న మాటను అందుకోవడం సులభం. కాని ఆ మాట తన వెంట తన చరిత్రను కూడా తీసుకువస్తుంది. ‘శుద్ధి’ అన్న ఒక్క పదం, లేని మైలను పాత్రకు అంటించగలదు. ధర్మశాస్త్రాల తులనాత్మక అధ్యయనం తెలుగులో విస్తరించవలసిన ఈ దశలో, పదాల ఎంపికకు ముందు నియమాల నడకను గమనించడం అవసరం. మిక్వె, మిష్నాలలోని మరికొన్ని పరిభాషాపదాలు కూడా ఇటువంటి పరిశీలనకు అర్హమైనవే.